గోడకు కట్టేసిన ల్యాప్‌టాప్

నా కంప్యూటర్ ఆగిపోయిన రోజు డైరీలో రెండే వాక్యాలున్నాయి. "ఉదయం 10.20కి కంప్యూటర్ బంద్. కాలిన వాసన."

ఆ వాసన నాకు కొత్త కాదు. ముప్పై నాలుగేళ్లు కరెంటు సబ్‌స్టేషన్లలో ఆపరేటర్‌గా పనిచేశాను. వైరు కాలిన వాసనేదో, కెపాసిటర్ పోయిన వాసనేదో చూడకుండానే చెప్పగలను. పక్క పలక విప్పి టార్చి వేసి చూస్తే మదర్‌బోర్డు మీద మూడు కెపాసిటర్లు పొట్టలు ఉబ్బి కనిపించాయి. ఆ పాత బోర్డు ఇప్పుడు ఎక్కడా దొరకదు. డబ్బా పోయినందుకు నేను బాధపడలేదు. దాని లోపలున్న హార్డ్ డిస్క్ గురించే భయం పట్టుకుంది. నా డైరీలు అందులో ఉన్నాయి. మరెక్కడా లేవు.

ఎందుకు లేవో చెప్పాలి. ఉద్యోగంలో చేరిన వారం నుంచి నేను డైరీ రాస్తున్నాను. గొప్ప సంగతులేమీ కావు. ఆ రోజు ఏ లైను ఎన్నిసార్లు ట్రిప్పయింది, ఎవరితో షిఫ్టు మార్చుకున్నాను, బిడ్డకు జ్వరం ఎంత ఉంది, నల్లా ఎన్ని గంటలకు వచ్చింది, ఇలాంటివే. రిటైరయ్యాక కొత్త డైరీలు కాగితం మీదే రాస్తూ, ఆ ముప్పై నాలుగు డైరీలనూ కంప్యూటర్లో టైపు చేయడం మొదలుపెట్టాను. రోజుకు నాలుగు పేజీలు. నెలకొక ఫైలు, ఏడాదికొక ఫోల్డర్. పని పూర్తి కావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఒక ఏడాది టైపు చేసి, అక్షరం అక్షరం సరిచూసుకున్నాక, ఆ డైరీని పాత పేపర్లు కొనే అతనికి వేసేవాణ్ణి.

చదివేవాళ్లకు ఇది తెలివితక్కువ పనిగా కనిపిస్తుంది. నాకు అప్పుడు అదే పద్ధతి అనిపించింది. సబ్‌స్టేషన్లో లాగ్‌బుక్ ఒక్కటే ఉంటుంది. రెండోది పెడితే రెండింటిలో రెండు రకాలుగా రాస్తారు, రేపు ఏదైనా జరిగితే ఏది నిజమో తేలదు. నాకు పని నేర్పిన ఇంజనీరు మొదటి రోజే చెప్పిన మాట అది. నేను దాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాను. పైగా మా సజ్జ మీద చెదలు పట్టి రెండు డైరీల అట్టలు తినేశాయి. కాగితం కన్నా ఇనుము నయమనుకున్నాను. అలా నా ఉద్యోగకాలమంతా అరచేతికి కాస్త పెద్దదైన ఒక ఇనుప డబ్బీలోకి చేరింది.

ఆ డబ్బీని నాలుగు మరలు విప్పి బయటికి తీసి, రెండు చేతులతో పట్టుకుని హాల్లోకి వచ్చాను.

"ఏందది, గట్ల పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నరు?" అంది నా భార్య.

"డైరీలు."

"కంప్యూటర్ పాడైందంటిరి గదా?"

"కంప్యూటర్ పోయింది. ఇది పోలేదు. పోలేదనే అనుకుంటున్నా."

"అయితే గా ల్యాప్‌టాప్‌కు పెట్టుండ్రి. ఊకెనే మూలకు పడున్నది గదా."

మన్సూరాబాద్‌లో ఉండే మా బిడ్డకు ఆఫీసు వాళ్లు కొత్తది ఇచ్చినప్పుడు తన పాత ల్యాప్‌టాప్ మాకు ఇచ్చింది. మంచిదే, కానీ దాని లోపల చోటు చాలా తక్కువ. విండోస్ కూర్చున్నాక మిగిలిన కొంచెంలో బిడ్డ పాత ఫొటోలున్నాయి. ఏ ఫైలు దాచబోయినా చోటు లేదని ఎర్రగీత చూపిస్తుంది. నా భార్య మామూలుగా అన్న మాట నన్ను అక్కడే పట్టేసింది. పాత డిస్కును ఒకసారి తగిలించి డైరీలు చూసుకోవడం కాదు, ఆ డిస్కునే ల్యాప్‌టాప్‌కు అసలు గోదాముగా పెడితే సరి. డిస్కు నిండా చోటుంది. ల్యాప్‌టాప్‌కు లేనిది అదే. కొత్త కంప్యూటర్ కొనాల్సిన పనే లేదు. ఇది చేసి తీరాలని ఆ సాయంత్రమే డైరీలో రాసుకున్నాను.

పక్కింట్లో రిటైరైన లెక్చరర్ ఉన్నారు. గుంటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా మా మీర్‌పేట్‌లోనే ఉన్నారు. విషయం చెప్పగానే లోపలికి వెళ్లి ఒక పొట్టి వైరు తెచ్చారు. ఒక కొసన డిస్కుకు పెట్టే వెడల్పాటి మూతి, రెండో కొసన యూఎస్‌బీ.

"ఇది తగిలించండి చాలండీ, అదే తిరుగుతుంది. మా ల్యాప్‌టాప్ పాడైనప్పుడు దాంట్లో డిస్కు తీసి దీంతోనే చూసుకున్నాను. దీనికింత ఆలోచన దేనికండీ?"

తగిలించాను. డిస్కు తిరగలేదు. చెవి ఆనించి విన్నాను. లోపల చీమ నడిచినంత చప్పుడు కూడా లేదు. కళ్లజోడు తుడుచుకుని డిస్కు మీది లేబుల్ చదివాను. అయిదు వోల్టులు ఒకటి, పన్నెండు వోల్టులు ఒకటి, రెండు రకాల కరెంటు కావాలని రాసి ఉంది. యూఎస్‌బీ నుంచి వచ్చేది అయిదే. లెక్చరర్ గారిది ల్యాప్‌టాప్‌లో ఉండే చిన్న డిస్కు, దానికి అయిదు చాలు. నాది డెస్క్‌టాప్‌లో ఉండే పెద్దది, దాని మోటారు తిరగాలంటే పన్నెండు కావాలి. డిస్కు చావలేదు, దానికి అన్నం పెట్టలేదు, అంతే.

ఇంట్లో టీవీ సెట్‌టాప్ బాక్సుది పన్నెండు వోల్టుల అడాప్టర్ ఉంది. కాసేపు దాని వైపు చూశాను. వోల్టులు సరిపోతాయి, కానీ డిస్కు మొదట తిరిగేటప్పుడు లాగే కరెంటును అది ఇవ్వగలదో లేదో తెలియదు. తెలియని దాన్ని ఉన్న ఒక్క డిస్కు మీద ప్రయోగించే వయసు కాదు నాది. మరునాడు పొద్దున డిస్కును పాత నూలు తువ్వాలులో చుట్టి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగించి, షేర్ ఆటోలో ఎల్బీనగర్ వెళ్లి మెట్రో ఎక్కబోయాను. సామాన్లు చూసే మెషీన్ దగ్గర సెక్యూరిటీ ఆమె నన్ను ఆపింది.

"పెద్దాయనా, గీ డబ్బల ఏమున్నది?"

"హార్డ్ డిస్క్ అమ్మా."

"టిఫిన్ డబ్బల హార్డ్ డిస్కా? తియ్యుండ్రి, సూస్తా."

తువ్వాలు విప్పి చూపించాను. ఆమె పక్కనున్న ఆమెను పిలిచింది. "అక్కా, ఇటు రా. పెద్దాయన కంప్యూటర్‌ను సద్ది కట్టుకొని పోతుండు." ఇద్దరూ నవ్వుకుని నన్ను పంపించారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఒక మేడ మొదటి అంతస్తులో కంప్యూటర్ రిపేరు కొట్టు ఉంది. నడిపేది నలభై దాటిన ఒక స్త్రీ. మిర్యాలగూడ దిక్కు ఆమె. భర్త మొదలుపెట్టిన కొట్టు. ఆయన వేరే వ్యాపారంలోకి వెళ్లాక ఆమే పని నేర్చుకుని నిలబెట్టింది. డిస్కును తిప్పి చూసి, "ఏం గావాలె సార్?" అంది.

"దీన్ని ల్యాప్‌టాప్‌కు పెట్టాలి. పన్నెండు వోల్టులు, కనీసం రెండు ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ ఉన్నది కావాలి."

ఆమె తలెత్తింది. "కరెంటాఫీసుల జేసిండ్రా సార్?"

"ఎట్లా తెలిసింది?"

"లేబుల్ సదువుకొని వచ్చినోళ్లు మీరే ఫస్టు. అందరు వైరు వట్టుకొచ్చి, తిరుగుతలేదని నా మీద లొల్లి పెడ్తరు."

డిస్కును నిలువుగా దించే ఒక గూడు తెచ్చి బల్ల మీద పెట్టింది. డాక్ అంటారట. దాని అడాప్టర్ గోడకు, వైరు తన ల్యాప్‌టాప్‌కు పెట్టింది. డిస్కు దించి స్విచ్ వేయగానే సన్నగా గుయ్యిమని తిరిగింది. తెర మీద నా ఫోల్డర్లు వరసగా వచ్చాయి, ముప్పై నాలుగూ. వేలు పెట్టి మళ్లీ లెక్కపెట్టాను. ఆమె నీళ్ల గ్లాసు నా ముందు పెట్టింది.

డాక్ కొంటూ, ఈ డిస్కునే అసలు నిల్వగా పెట్టుకుంటానని చెప్పాను. డాక్యుమెంట్లన్నీ నేరుగా దీంట్లోకే పోవాలి, ల్యాప్‌టాప్‌లో ఉన్నవి కూడా దీంట్లోకి మార్చాలి.

"జేసుకోవచ్చు సార్. కానీ ఒక్కటి గుర్తుంచుకోండ్రి. ఇగ ఇది ల్యాప్‌టాప్ గాదు. గోడకు కట్టేసిన ల్యాప్‌టాప్. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటది, కరెంటు పోయినా నడుస్తది. డిస్కుకు బ్యాటరీ లేదు. రాసుకునేటప్పుడు కరెంటు పోయిందనుకో, ఆగమాగమైతది. ముందుగాల ఇంకో కాపీ తీసుకోండ్రి, తర్వాత మీ ఇష్టం."

"కరెంటు సంగతి నేను చూసుకుంటానమ్మా."

"మీరు కరెంటోళ్లు గదా, మీకు నేను జెప్పాల్నా," అని నవ్వింది.

ఆ రోజు డైరీలో "రెండో కాపీ తీయాలి" అని రాసి, పక్కన "తర్వాత" అని రాశాను. కరెంటు సంగతి మాత్రం ఆ వారమే చూసుకున్నాను. టేబుల్ పక్కనున్న ప్లగ్ పాయింట్ ఇన్వర్టర్ లైను మీద లేదు. బోర్డు విప్పి దాన్ని ఇన్వర్టర్ మీదికి మార్చాను. కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో చూడాలని మెయిన్ నేనే దించాను. ఫ్యాను ఒక్క క్షణం తడబడి మళ్లీ తిరిగింది. డిస్కు చప్పుడు మారనే లేదు. అలా మూడుసార్లు పరీక్షించి, మూడు సమయాలూ రాసుకున్నాను.

తర్వాతి శుక్రవారం నా భార్య తమ్ముడి కొడుకు ఎంగేజ్‌మెంట్. మన్సూరాబాద్ దగ్గర ఫంక్షన్ హాలు. పొద్దున పదకొండుకు ల్యాప్‌టాప్‌లోని ఫొటోలన్నీ డిస్కులోకి మార్చడం మొదలుపెట్టాను. రెండు గంటలు పడుతుందని చూపించింది. మేం వచ్చేసరికి అయిపోతుందిలే అనుకున్నాను. ఆటో వచ్చి హారన్ కొట్టడంతో గిఫ్టు సంచి పట్టుకుని నేను ముందు కిందికి దిగాను. నా భార్య తాళం వేసి వచ్చింది.

మా ఇంటి తలుపు పక్కన ఒక అట్ట అతికించి ఉంటుంది. బయటికి పోయే ముందు చూసుకోవాల్సినవి వరసగా ఉంటాయి. గ్యాస్, మోటారు, నల్లా, అన్ని బోర్డుల స్విచ్‌లు. నా చేతిరాతే. ఆటో సాగర్ రింగ్ రోడ్డు ఎక్కాక ఎప్పటిలాగే అడిగాను.

"గ్యాస్?"

"బంద్ జేసిన."

"మోటార్?"

"జేసిన."

"స్విచ్‌లు?"

"అన్ని ఆర్పిన. ఒక్కటి గూడ ఇడిసిపెట్టలే."

"మంచిది," అన్నాను. నిజంగానే అన్నాను. తృప్తిగా వెనక్కి ఆనుకున్నాను కూడా. ఎల్బీనగర్ ఫ్లైఓవర్ కిందికి వచ్చేసరికి నా వెన్ను ఒక్కసారిగా నిటారుగా అయింది.

"టేబుల్ పక్క స్విచ్ గూడ ఆర్పినవా?"

"అన్ని అంటే అన్ని. ఏమైంది?"

నా ముఖం చూసి ఆమెకు అర్థమైంది. "అది నడుస్తుందని నాకు జెప్పిండ్రా?"

చెప్పలేదు. ముప్పై నాలుగేళ్లు కరెంటు బయటి నుంచి పోవడం గురించే ఆలోచించిన వాణ్ణి, ఇంట్లో నుంచే పోతుందని అనుకోలేదు. సబ్‌స్టేషన్లో లైను మీద మనిషి పనిచేస్తుంటే, ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ కాగితం, రాసిచ్చి, సంతకం తీసుకుని, ఆ హ్యాండిల్‌కు బోర్డు తగిలించి, షిఫ్టు మారేటప్పుడు వచ్చినవాడికి నోటితో మళ్లీ చెప్పి గానీ వెళ్లేవాణ్ణి కాను. ఇంట్లో ఆమెకు ఒక్క మాట చెప్పకుండా దిగి వచ్చాను. ఆమె చేసింది నేను రాసి అతికించిన పని.

"ఆటో తిప్పమంటా," అన్నాను.

"తిప్పి? ఆరిపోయి అరగంటయింది. ఇప్పుడు పోయి ఏం జేస్తరు? మా తమ్ముడు గుమ్మం కాడ నిలబడి సూస్తుంటడు. రాండ్రి, అక్షింతలేసి పోదాం."

ఆమె మాటే సరైనది. హాల్లో ఎవరెవరు పలకరించారో, ఏం తిన్నానో నాకు గుర్తు లేదు. ఆ రోజు డైరీలో కూడా లేదు.

ఇంటికి వచ్చి స్విచ్ వేశాను. డిస్కు తిరిగింది. తెర మీద ఫోల్డర్లు రాలేదు. ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా, అని అడిగింది. ఫార్మాట్ అంటే అంతా తుడిచేయడమని నాకు తెలుసు. ట్రిప్పయిన బ్రేకర్‌ను కారణం తెలుసుకోకుండా మళ్లీ వేస్తే మనుషులు చస్తారు. ఏ బటనూ నొక్కలేదు. బిడ్డ ఫొటోలు ల్యాప్‌టాప్‌లోనే మిగిలి ఉన్నాయని చూసుకుని, అన్నీ ఆపి డిస్కు తీసి తువ్వాలులో చుట్టాను.

నా భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. "నా వల్లనే పోయినయా?" అంది.

"నీ వల్ల కాదు. నేను చెప్పలే."

"పోయినయా అని అడిగిన."

"తెల్వదు. తెల్సుకుంటా."

మరునాడు పొద్దున కొట్టు తెరవకముందే మెట్ల మీద కూర్చున్నాను. కొట్టామె వచ్చి నన్నూ, డబ్బానూ చూసి, "ఫార్మాట్ గొట్టిండ్రా?" అని అడిగింది. తాళం తీసే ముందే అడిగింది.

"లేదు."

"అయితే కూసోండ్రి. సగం బతికినట్టే."

డిస్కు మీద నేరుగా పని చేయనంది. ముందు దాని నకలు ఇంకో డిస్కు మీదికి ఎత్తి, ఏం చేసినా నకలు మీదే చేస్తానంది. ఆ మాటతో నాకు ఆమె మీద గురి కుదిరింది. మూడో రోజు ఫోన్ చేసింది. వెళ్లాను.

"సార్, డిస్కుల ఏ ఫైలు యాడున్నదో రాసుకునే పట్టిక ఉంటది. అది ఖరాబైంది. ఫైళ్లు దొరికినయి, పేర్లు పోయినయి. ఫోల్డర్లు గూడ పోయినయి. అన్ని ఒక్కకాడ కుప్ప పోసినట్టున్నయి, నంబర్లేసి."

ఒకటి తెరిచి చూపించింది. నా రాతే. "ఉదయం షిఫ్టు. వాన. రెండు లైన్లు బంద్." అక్షరం చెదరలేదు. కానీ ఏ సంవత్సరం?

రోజూ తేదీ రాసేటప్పుడు నెల, తేదీ, వారం రాసేవాణ్ణి. సంవత్సరం రాయలేదు. కాగితం డైరీకి అట్ట మీదే ఉంటుంది, టైపు చేశాక ఫోల్డర్ పేరులో ఉంటుంది, ప్రతి పేజీలో మళ్లీ ఎందుకనుకున్నాను. ఇప్పుడు ఆ పేర్లే లేవు.

"ఏది ఏ యాడాదిదో నాకు తెల్వది సార్," అంది ఆమె. "మీకే తెలుస్తది."

రెండు డిస్కుల మీద రెండు కాపీలు చేయించుకుని వచ్చాను. ఒకటి ఆ సాయంత్రమే బిడ్డ ఇంట్లో పెట్టాను. టేబుల్ పక్క స్విచ్ మీద ప్లాస్టిక్ మూత తెచ్చి నాలుగు మరలతో బిగించాను. ఆ పాయింట్ ఇక వేలితో ఆరదు. పాత డిస్కు బాగానే ఉందని కొట్టామె పరీక్షించి చెప్పడంతో దాన్నే మళ్లీ ల్యాప్‌టాప్‌కు అసలు నిల్వగా పెట్టాను. అనుకున్న పని వదలలేదు. తర్వాత కుప్ప ముందు కూర్చున్నాను.

నెలకొకటి చొప్పున ముప్పై నాలుగేళ్లకు నాలుగు వందల ఎనిమిది ఫైళ్లు ఉండాలి. కొత్త నోటుబుక్కు తీసి గీతలు గీశాను. నంబరు, నెల, మొదటి తేదీ వారం, ఆనవాలు, సంవత్సరం. జూలై తొమ్మిది మంగళవారం అయితే అది ఏ ఏ సంవత్సరాల్లో వస్తుందో పాత క్యాలెండర్ లెక్కతో పట్టిక వేసుకున్నాను. అయిదేళ్లకో, ఆరేళ్లకో, పదకొండేళ్లకో ఒకసారి వస్తుంది. అంటే ఒక్కో ఫైలుకు అయిదారు సంవత్సరాలు పోటీ పడతాయి. వాటిలో ఏదన్నది లోపల రాసిన సంగతులు చెప్పాలి. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా, మళ్లీ మూడు నుంచి ఆరు దాకా అదే పని.

లెక్చరర్ గారు ఒకరోజు వచ్చి చూసి జాలిపడ్డారు. "ఎందుకండీ ఈ శ్రమ? అక్షరాలు దక్కాయి కదా. సంవత్సరం ఏదైతేనేం, ఎవరు చూడొచ్చారు?"

"నేను చూస్తానండీ," అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. ఆయన టీ తాగి వెళ్లిపోయారు.

మొదటి వారం ఉద్యోగం ఆనవాళ్లతో నడిచింది. ఫలానా ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది, ఫలానా ఇంజనీరు బదిలీ అయ్యాడు. అవి నాకు గుర్తున్నాయి. తర్వాత చిక్కుపడ్డాను. ఎన్నో నెలలు ఒకదానిలా ఒకటి ఉన్నాయి. ఒక మధ్యాహ్నం విసుగుతో పైకే చదివాను. "ఓనర్ నీళ్ల కోసం గొడవ. బిందెలు బయట పెట్టాడు."

వంటింట్లో నుంచి నా భార్య గొంతు వినిపించింది. "గది మన్సూరాబాద్‌ల కిరాయికున్నప్పటిది. మెట్ల కింది అర్ర."

"రెండేళ్లున్నం అక్కడ. ఏ యేడు?"

"బిడ్డకు అన్నప్రాసన అయినంక. అంతకుముందు గాదు. అప్పటిదాంక గా ఓనర్ తల్లి ముసలామె బతికే ఉండె, మనకు బోరు నీళ్లిచ్చేది."

పట్టికలో చూశాను. సరిపోయింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనం కాగానే ఆమె పక్క కుర్చీలో కూర్చునేది. బియ్యంలో రాళ్లేరుతూనో, కొత్తిమీర గిల్లుతూనో వినేది. నేను చదివేవాణ్ణి. నాకు యంత్రాలతో గుర్తున్న సంవత్సరాలు ఆమెకు ఇళ్లతో, మనుషులతో, చీరలతో గుర్తున్నాయి. ఇద్దరివీ కలిస్తే సంవత్సరం తేలేది. నలభై ఏళ్లకు పైగా రాస్తున్న డైరీలో ఏముందో ఆమె వినడం అదే మొదటిసారి. నేనెప్పుడూ చదివి వినిపించలేదు, ఆమె అడగలేదు.

ఒక ఫైలులో ఇలా ఉంది. "మధ్యాహ్నం ఇంట్లోవాళ్లకు ఒంట్లో బాగాలేదు. దవాఖాన. సాయంత్రం నాలుగుకు లైన్ క్లియర్."

"ఇంట్లోవాళ్లంటే ఎవరు?" అంది.

"నువ్వే."

"నాకు ఆపరేషనైన రోజది! పొద్దుగూకె దాంక స్పృహ లేదు నాకు. ఒంట్ల బాగలేదని రాసిండ్రా? మీ లైనుకేమో గంటలతో సహా రాసుకున్నరు."

"అది డ్యూటీ. టైం రాయాలె."

"నాది డ్యూటీ గాదా? రాయుండ్రి ఇప్పుడన్న. ఏ నెల?"

నోటుబుక్కులో ఆనవాలు గడిలో రాశాను. ఆపరేషన్. ఆమె వంగి చూసి, సరేనన్నట్టు మళ్లీ కొత్తిమీర గిల్లింది. ఆ ఒక్క ఆనవాలుతో పదకొండు నెలలు వాటి సంవత్సరాల్లోకి వెళ్లాయి.

ఏడు వారాలు పట్టింది. చివరికి మూడు వందల తొంభై తొమ్మిది ఫైళ్లకు పేర్లు వచ్చాయి. తొమ్మిది లేవు. తొమ్మిదీ ఒకే సంవత్సరానివి, ఏప్రిల్ నుంచి డిసెంబర్ దాకా. మీర్‌పేట్‌లో ఈ ఇల్లు కట్టిన సంవత్సరం. మళ్లీ దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాను. కొట్టామె రెండు రోజులు రెండు రకాలుగా వెతికింది.

"లేవు సార్. అవ్వే ఎందుకు పోయినయో నాకు గూడ తెల్వదు. ఉంటే దొరుకుతుండె." మొదటిసారి ఆమె గొంతులో నవ్వు లేదు. నేను నమస్కారం పెట్టి దిగి వచ్చాను.

ఇంటికొచ్చి చెబితే నా భార్య నోటుబుక్కు తెరిచి చూసింది. తర్వాత, "గా యాడాది నాకు తెలుసు," అంది.

"తెలిస్తే? డైరీ అంటే ఆ రోజు రాసింది. ఇప్పుడు రాస్తే అది డైరీ ఎట్లయితది?"

"మరి ఖాళీగ పెడతరా?"

రెండు రోజులు ఖాళీగానే పెట్టాను. ఖాళీ గడులు తొమ్మిదీ నోటుబుక్కులో కనిపిస్తూనే ఉన్నాయి. మూడో రోజు భోజనం కాగానే కొత్త ఫైలు తెరిచాను. పైన సంవత్సరం, నెల రాశాను. కింద, "ఈ నెల డైరీ పోయింది. నా భార్య చెప్పగా ఇప్పుడు రాస్తున్నాను," అని రాసి ఆమెను పిలిచాను.

"ఎక్కడి నుంచి చెప్తవు?"

"పునాది కాడికెల్లి. నల్లమట్టి ఎల్లింది. మేస్త్రి ఇంకో రెండడుగులు తవ్వాలన్నడు. మీరు లేరు."

"నేనుంటిని. పునాది రోజు లీవు పెట్టిన."

"పూజకు పెట్టిండ్రు. కొబ్బరికాయ గొట్టి డ్యూటీకి పోయిండ్రు. తవ్వింది తెల్లారి. నేను, మా అవ్వ నిలబడి తవ్విపిచ్చినం. మేస్త్రికి ఎదురుపడి మాట్లాడుడు నాకు అదే మొదలు."

నా జ్ఞాపకంలో ఆ గుంత అంచున నేను నిలబడి ఉన్నాను. నల్లమట్టి రంగు కూడా కనిపిస్తోంది. చూసిందే గుర్తుందా, ఆమె చెప్పగా విన్నది గుర్తుందా? విప్పి చూడ్డానికి ఏ పేజీ లేదు. ఉద్యోగంలో ఇద్దరి మాట కలవకపోతే లాగ్‌బుక్ తెప్పించేవాళ్లం. ఇక్కడ ఉన్నది ఆమె ఒక్కతే.

"రాయండ్రి," అంది. "రెండడుగులు. వాన మొగులు పట్టింది, దబ్బదబ్బ తవ్విపిచ్చినం."

రాశాను. నేను లేనని కూడా రాశాను.

ఇవాళ్టికి అయిదు నెలలు రాయడం అయింది, ఇంకా నాలుగున్నాయి. స్లాబు వేసిన రోజు దగ్గర నిన్న ఇద్దరికీ పడలేదు. సిమెంటు బస్తాల మీద నేను నిద్రపోయానంటుంది. నేను ఒప్పుకోలేదు. ఇద్దరి మాటలూ ఒకదాని కింద ఒకటి రాసి, దాచి, రెండో డిస్కులోకి కూడా కాపీ చేసి లేచాను. ఇవాళ గిన్నెలు కడగడం ముగించి, చేతులు తుడుచుకుంటూ ఆమె వస్తోంది.